బాడీ షాప్ గడప తొక్కడం జనం ఎందుకు మానేశారు

బ్రిటన్‌లో చిన్నా పెద్దా ఏ ఊరికైనా ఒక హై స్ట్రీట్ ఉంటుంది. బ్యాంకు, మందుల షాపు, బేకరీ, బట్టల కొట్లు బారులు తీరిన ప్రధాన బజారు అది. 1980లలో, 90లలో ఆ బజారులో ముదురాకుపచ్చ రంగు వేసిన ఒక దుకాణం దాదాపు ప్రతిచోటా ఉండేది. లోపల సబ్బులు, షాంపూలు, ఒంటికి రాసుకునే క్రీములు అమ్మేవారు. పేరు ది బాడీ షాప్. ఒక దశలో అరవైకి పైగా దేశాల్లో మూడు వేల దాకా దుకాణాలు నడిపిన సంస్థ అది. 2024 ఫిబ్రవరిలో దాని బ్రిటన్ వ్యాపారం అప్పులు తీర్చలేక, దివాలా వ్యవహారాలు చూసే అడ్మినిస్ట్రేటర్ల చేతికి వెళ్లింది. జనం ఎగబడి కొన్న దుకాణానికి జనం రావడం ఎలా మానేస్తారో, సౌందర్య సాధనాల వ్యాపారంలో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

దుకాణం పుట్టింది 1976 మార్చి 26న, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్ పట్టణంలో. పెట్టినావిడ అనితా రోడిక్. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన మనిషి. పక్కనున్న లిటిల్‌హాంప్టన్‌లో తల్లిదండ్రులు చిన్న కాఫీ హోటల్ నడిపేవారు. భర్త గోర్డన్‌కు దక్షిణ అమెరికా నుంచి న్యూయార్క్ దాకా గుర్రం మీద ప్రయాణం చేయాలని కోరిక. ఆయన తిరిగొచ్చేదాకా ఇద్దరు ఆడపిల్లలతో ఇల్లు గడవాలి. అందుకని నాలుగు వేల పౌండ్లు బ్యాంకు అప్పు తెచ్చి, కెన్సింగ్టన్ గార్డెన్స్ అనే ఇరుకు వీధిలో కొట్టు తెరిచారు.

ఆ కొట్టులోని ప్రతి విశేషానికీ మూలం డబ్బు లేకపోవడమే. గోడలు చెమ్మగిల్లి మరకలు పడ్డాయి, అవి కనపడకుండా ముదురాకుపచ్చ రంగు కొట్టించారు. ఆసుపత్రుల్లో మూత్రపరీక్షకు వాడే ప్లాస్టిక్ సీసాలు చవగ్గా దొరికితే వాటిలోనే సరుకు నింపారు. లేబుళ్లు చేత్తో రాశారు. ఆ సీసాలు కూడా చాలక, ఖాళీ సీసా తెచ్చినవాళ్లకు మళ్లీ నింపి ఇచ్చారు. సరుకు పాతిక రకాలకు మించి లేదు. అరలు బోసిగా కనపడకుండా ఒక్కోదాన్ని నాలుగైదు సైజుల్లో పేర్చారు. వీధిలో నడిచేవాళ్లను లోపలికి రప్పించడానికి కాలిబాట మీద స్ట్రాబెర్రీ వాసన చల్లేవారట. పక్కనే అంత్యక్రియల ఏర్పాట్లు చూసే సంస్థలుండేవి. శవపేటికలు వెళ్లే వీధిలో బాడీ షాప్ అన్న బోర్డేమిటని వాళ్లు అభ్యంతరం చెబితే, రోడిక్ ఆ గొడవను స్థానిక పత్రిక చెవిన వేశారు. ఖర్చు లేని ప్రచారం అలా దక్కింది. రెండో దుకాణానికి బ్యాంకు అప్పివ్వలేదు. ఇయాన్ మెక్‌గ్లిన్ అనే స్థానిక గ్యారేజీ యజమాని నాలుగు వేల పౌండ్లు పెట్టి సగం వాటా తీసుకున్నాడు. ముప్పై ఏళ్ల తర్వాత కంపెనీ అమ్ముడైనప్పుడు అతని వాటా విలువ సుమారు 14 కోట్ల పౌండ్లు.

ఆ రోజుల్లో సౌందర్య సాధనాలంటే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరులో గాజు కౌంటర్ వెనకాల ఉండేవి. కౌంటర్ అవతల తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, ఇవతల కాస్త బెరుకుగా నిలబడిన కొనుగోలుదారు. ముట్టుకోవాలన్నా అడగాలి. ధర అడగాలంటే మరీ మొహమాటం. రోడిక్ కొట్టులో కౌంటర్ అడ్డు లేదు. మూత తీసిన సీసాలు అరల మీదే ఉండేవి. వాసన చూడవచ్చు, చేతికి రాసుకోవచ్చు, నచ్చకపోతే పెట్టేసి వెళ్లవచ్చు. చిన్న సైజు ఉంది కనుక బడిపిల్ల సైతం తన దగ్గరున్న చిల్లరతో ఏదో ఒకటి కొనుక్కుని రాగలిగేది. అరటిపండు షాంపూ, పెప్పర్‌మింట్ కాళ్ల లోషన్, కోకో వెన్న క్రీము వంటి పేర్లు వంటింటి పేర్లలా ఉండి భయపెట్టేవి కావు. జపనీస్ వాషింగ్ గ్రెయిన్స్ పేరుతో అమ్మినది ఎర్రటి అడ్జుకి గింజలు దంచిన పొడి. సున్నిపిండి తెలిసిన ఇళ్లలో అందులో వింతేమీ ఉండదు. ఆనాటి ఇంగ్లండుకు మాత్రం అది కొత్త లోకం. 1981లో వచ్చిన వైట్ మస్క్ సెంటు ఒక తరం ఆడపిల్లల పరిమళమైపోయింది.

సరుకుతోపాటు దుకాణం ఒక అభిప్రాయాన్ని కూడా అమ్మింది. 1986లో తిమింగలాలను కాపాడాలంటూ గ్రీన్‌పీస్ పోస్టర్లు దుకాణం అద్దాలకెక్కాయి. జంతువుల మీద సౌందర్య సాధనాల ప్రయోగాలు ఆపాలని సంతకాలు సేకరించింది కూడా ఈ దుకాణాల్లోనే. 1987లో మొదలైన కమ్యూనిటీ ట్రేడ్ పద్ధతి కింద పేద ప్రాంతాల ఉత్పత్తిదారుల నుంచి నేరుగా సరుకు కొన్నారు. మదురై దగ్గర తిరుమంగళంలోని టెడ్డీ ఎక్స్‌పోర్ట్స్ తయారుచేసే చెక్క మసాజ్ రోలర్లు, ఉత్తర ఘానా మహిళలు తీసే షియా వెన్న ఆ దారినే దేశదేశాల దుకాణాలకు చేరాయి. కంపెనీ ప్రకటనల మీద డబ్బు పెట్టేది కాదు, పత్రికలే దాని గురించి రాసేవి. ఫలానా దుకాణం సంచి చేతిలో ఉంటే, పట్టుకున్న మనిషి ఎలాంటిదో చెప్పకనే చెప్పినట్టుండేది.

కొనుగోలుదారులు జారిపోవడానికి మొదటి కారణం విచిత్రంగా ఈ విజయంలోనే ఉంది. జంతుప్రయోగాలకు వ్యతిరేకంగా సేకరించిన 40 లక్షల సంతకాలను 1996లో యూరోపియన్ కమిషన్‌కు అందజేశారు. 1998లో బ్రిటన్‌లో సౌందర్య సాధనాల కోసం జంతువుల మీద పరీక్షలు ఆగిపోయాయి. 2013 నుంచి అలా పరీక్షించిన సరుకును యూరోపియన్ యూనియన్‌లో అమ్మడమే నిషేధం. భారతదేశం కూడా 2014లో ఇలాంటి నిషేధం తెచ్చింది. న్యాయంగా చూస్తే ఇది రోడిక్ సాధించిన గొప్ప గెలుపు. వ్యాపారంగా చూస్తే, చట్టం అందరి చేతా చేయించే పనిని మేమూ చేస్తున్నామని బోర్డు పెడితే ఆగి చదివేదెవరు? ఈలోగా సూపర్‌డ్రగ్, మార్క్స్ అండ్ స్పెన్సర్, సెయిన్స్‌బరీస్ వంటి గొలుసు దుకాణాలు కూడా తమ సొంత సరుకును జంతువుల మీద పరీక్షించబోమని ప్రకటించాయి. వాటి ధర తక్కువ. పాలు, రొట్టె కొనే చోటే షాంపూ కూడా బుట్టలో పడుతుంది. మందుల షాపుల గొలుసు బూట్స్ 1997లో అడ్వాంటేజ్ కార్డు తెచ్చి, కొన్న ప్రతిసారీ పాయింట్లు జమ చేసి, జనాన్ని తన కొట్టుకే కట్టిపడేసింది.

రెండో సంగతి సరుకు స్వభావానిది. లోషన్ అంటే నీళ్లు, నూనె, ఆ రెండూ విడిపోకుండా పట్టి ఉంచే పదార్థం, వాసన, చెడిపోకుండా ఒక రసాయనం. ఇందులో పేటెంటుతో కాపాడుకోదగ్గ రహస్యం పెద్దగా ఉండదు. కోకో వెన్న ఎవరైనా కలపవచ్చు. కలిపారు కూడా. 1990లో అమెరికాలో మొదలైన బాత్ అండ్ బాడీ వర్క్స్ పల్లెటూరి అంగడి వేషం వేసుకుని అక్కడి మాల్స్‌ను ఆక్రమించింది. ఇంగ్లండులోనైతే పోటీ ఇంట్లోంచే వచ్చింది. బాడీ షాప్‌కు ఏళ్ల తరబడి క్రీములు, షాంపూలు తయారుచేసి ఇచ్చిన మార్క్ కాన్‌స్టంటైన్ బృందం 1995లో పూల్ పట్టణంలో లష్ అనే దుకాణాన్ని తెరిచింది. జున్ను కోసినట్టు సబ్బు దిమ్మెలు కోసి తూకానికి అమ్మడం, డబ్బా మీద తయారీ తేదీతోపాటు తయారుచేసిన మనిషి ముఖచిత్రం అంటించడం దాని పద్ధతి. 1976 నాటి బ్రైటన్ కొట్టులో ఉన్న చిలిపితనం, చేతిపని వాసన ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఎదుటి కొట్టులో ప్రత్యక్షమయ్యాయి. అప్పటికి అసలు కొట్టు ఒకే అచ్చులో పోసిన ఫ్రాంచైజీల వరుసగా మారిపోయింది.

నమ్మకం కూడా ఒక్కసారిగా పోలేదు. 1994లో జాన్ ఎంటిన్ అనే అమెరికన్ జర్నలిస్టు బిజినెస్ ఎథిక్స్ పత్రికలో సుదీర్ఘ వ్యాసం రాశాడు. సహజమని చెప్పే సరుకులో కృత్రిమ రంగులు, రసాయనాలు ఉన్నాయని, సంస్థ చెప్పుకునే పుట్టుక కథ కూడా పూర్తిగా సొంతం కాదని అందులోని ఆరోపణ. కనీసం పేరు విషయంలో ఆ ఆరోపణ నిజమే. కాలిఫోర్నియాలోని బర్కిలీలో 1970 నుంచే బాడీ షాప్ పేరుతో ఒక దుకాణం నడిచింది. అమెరికాలో అడుగుపెట్టేముందు 1987లో రోడిక్ దంపతులు ఆ పేరు హక్కుల్ని డబ్బిచ్చి కొనుక్కోవలసి వచ్చింది. మామూలు కంపెనీ మీద ఇలాంటి వ్యాసం వస్తే రెండు రోజుల్లో మరిచిపోతారు. నీతిని సరుకుతో కలిపి అమ్మిన కంపెనీకి ఆ వెసులుబాటు ఉండదు.

అసలు దెబ్బ 2006లో తగిలింది. ఫ్రెంచి సంస్థ లోరియల్ 65 కోట్ల 20 లక్షల పౌండ్లకు బాడీ షాప్‌ను కొనేసింది. రోడిక్ దశాబ్దాలుగా దేన్ని విమర్శిస్తూ వచ్చారో, ఆ పెద్ద సౌందర్య పరిశ్రమకు అదే ప్రతినిధి. లోపలికి వెళ్లి ఆ సంస్థనే మార్చవచ్చని ఆమె వాదించారు. ఆ వాదనకు ఫలితం చూపించే వ్యవధి ఆమెకు దొరకలేదు, 2007 సెప్టెంబరులో కన్నుమూశారు. కొన్ని జంతు సంక్షేమ సంఘాలు, నైతిక వినియోగదారుల బృందాలు బాడీ షాప్‌ను బహిష్కరించమని పిలుపునిచ్చాయి. అలా మానేసినవాళ్ల సంఖ్య బహుశా పెద్దది కాదు. అంతకన్నా ఎక్కువ నష్టం చేసింది నిశ్శబ్దంగా జరిగిన మరో మార్పు. ఇది కూడా నలుగురిలో ఒకటేనన్న భావం వచ్చేసింది. అలా అనుకున్న క్షణం నుంచీ మనిషి ధర పోల్చి చూడటం మొదలుపెడుతుంది.

ధర పోల్చి చూసినప్పుడు దుకాణం నడిమధ్య చిక్కుకుంది. సూపర్‌మార్కెట్ సరుకు కంటే ఖరీదు, ఖరీదైన సరుకంత హోదా లేదు. జనాన్ని రప్పించడానికి డిస్కౌంట్లు ఇవ్వడం అలవాటైంది. డిస్కౌంటు ఉన్నప్పుడే కొనడం కొనుగోలుదారుకూ అలవాటైంది. క్రిస్మస్‌కు రిబ్బను కట్టిన గిఫ్ట్ బుట్టల మీద వ్యాపారం ఎక్కువగా ఆధారపడింది. అత్తగారికో, ఆఫీసులో తోటి ఉద్యోగికో, ఏమివ్వాలో తోచనప్పుడు కొనే వస్తువు స్థాయికి సరుకు దిగింది. తన కోసం తాను కొనుక్కునేది, ఇతరులకివ్వడానికి ఏడాదికోసారి కొనేది ఒకటి కావు. ఖాళీ సీసా నింపి ఇచ్చే పద్ధతిని కూడా మధ్యలో వదిలేశారు. 2021 ప్రాంతంలో మళ్లీ తెచ్చేసరికి అదే పని చాలామంది చేస్తున్నారు. 2016లో, అంటే లోరియల్ చేతిలో ఉన్న చివరి పూర్తి సంవత్సరంలో, అమ్మకాలు సుమారు 92 కోట్ల యూరోలు. నిర్వహణ లాభం మూడున్నర కోట్లు కూడా లేదు.

ఇన్నీ ఇలా ఉండగా, అందరూ ముందుగా చెప్పే కారణం ఆన్‌లైన్ అమ్మకాలు. అందులో నిజముంది. బ్రిటన్ బజారులో దుకాణం నడపాలంటే అద్దెతోపాటు బిజినెస్ రేట్స్ అనే పన్ను కట్టాలి. ఆ పన్నును లెక్కగట్టేది దుకాణం లాభాన్ని బట్టి కాదు, ఆ స్థలం ఎంత అద్దె పలుకుతుందన్న అంచనాను బట్టి. పదిమందిలో ఇద్దరు ఫోనులో కొనడానికి మళ్లితే అద్దె తగ్గదు, పన్ను తగ్గదు, జీతాలూ తగ్గవు, తగ్గేది గల్లాపెట్టెలో డబ్బు మాత్రమే. పక్కనున్న డిపార్ట్‌మెంట్ స్టోరు మూతపడితే దానికోసం వచ్చే జనమూ రారు. 2021 మే నెలలో డెబెన్‌హామ్స్ చివరి దుకాణాలు మూసేశాక చాలా ఊళ్ల బజార్లకు ఆ అనుభవం ఎదురైంది. కోవిడ్ కాలంలో మూత తీసిన సీసాను ముట్టుకుని వాసన చూడటమే కుదరకుండా పోయింది. బాడీ షాప్ వంటి కొట్టుకు అంతకన్నా చేటు ఏముంటుంది?

అయినా ఆన్‌లైన్ ఒక్కటే కారణమైతే మిగతా దుకాణాలూ ఖాళీ కావాలి. కాలేదు. 2005లో బ్రిటన్ వదిలివెళ్లిన సౌందర్య సాధనాల దుకాణాల గొలుసు సెఫోరా 2023 మార్చిలో లండన్ వైట్ సిటీ మాల్‌లో మళ్లీ తెరిస్తే జనం వరుసలు కట్టారు. మెల్‌బోర్న్‌లో 1987లో మొదలైన ఈసప్ సంగతి మరీ ఆలోచించదగ్గది. అదీ వీధి దుకాణమే. ప్రతి దుకాణాన్నీ ఆ ఊరికి తగ్గట్టు వేరే రకంగా కడతారు. మధ్యలో చేతులు కడిగే తొట్టి ఒకటి ఉంటుంది. వచ్చినవాళ్ల చేతులు అక్కడే కడిగించి, సబ్బు రుద్ది, క్రీము రాసి చూపిస్తారు. బాడీ షాప్ మొదట్లో నేర్పిన పాఠమే ఇది, చాలా ఎక్కువ ధరకు. ఈసప్, బాడీ షాప్ రెండూ బ్రెజిల్ సంస్థ నటూరా చేతిలోనే ఉండేవి. 2023లో నటూరా రెండింటినీ అమ్మేసింది. ఈసప్‌కు 250 కోట్ల డాలర్లు పలికింది. కొన్నది లోరియల్. బాడీ షాప్‌కు మాత్రం ఒప్పందం ప్రకారం 20 కోట్ల 70 లక్షల పౌండ్లు. అందులోనూ కొంత మున్ముందు ఫలితాలను బట్టి ఇచ్చేది. 2017లో నటూరా దాన్ని కొన్నప్పుడు లెక్కగట్టిన విలువ 100 కోట్ల యూరోలు.

కింది వైపు నుంచి కెనడా బ్రాండు ది ఆర్డినరీ వచ్చింది. 2016లో మార్కెట్లోకి దిగిన ఈ సరుకుకు పండ్ల పేర్లు లేవు, అడవుల కథలు లేవు. డ్రాపర్ ఉన్న చిన్న గాజు సీసా, దాని మీద తెల్ల చీటీ, ఆ చీటీ మీద పది శాతం నియాసినమైడ్, ఒక శాతం జింక్ అని ప్రయోగశాల సీసా మీద రాసినట్టు రాసి ఉంటుంది. ధర ఐదారు పౌండ్లు. పాతతరం కొనుగోలుదారు ఈ క్రీము ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేది. కొత్తతరం ఇందులో ఏముంది, ఎంత శాతం ఉందని అడుగుతోంది. చర్మవైద్యులు, వైద్యులు కానివాళ్లు కూడా యూట్యూబులో, టిక్‌టాక్‌లో ఆ పాఠం చెబుతున్నారు. దుకాణానికి వచ్చేసరికే అమ్మాయికి ఏం కావాలో తెలుసు, కొన్నిసార్లు అమ్మే మనిషి కంటే బాగా తెలుసు. అడవి గింజల నూనె గురించి చక్కగా చెప్పగల సేల్స్ అమ్మాయి ఆ సంభాషణలో ఇమడలేకపోయింది.

తరాల లెక్క కూడా ఒకటుంది. 1990లో పద్నాలుగేళ్ల పిల్ల 2024 నాటికి యాభైకి దగ్గరపడింది. ఆమె కూతురు ఆ ఆకుపచ్చ సీసాలను చూసింది అమ్మ స్నానాలగదిలో. ఆ వయసు పిల్లకు అంతకుమించి అనాకర్షణ ఏముంటుంది? దుకాణాలు మూతపడుతున్నాయన్న వార్త రాగానే బ్రిటిష్ పత్రికల నిండా డ్యూబెర్రీ పండు వాసన, వైట్ మస్క్ జ్ఞాపకాలు వెల్లువెత్తాయి. అంత ప్రేమగా తలుచుకున్నవాళ్లలో ఎంతమంది గత ఐదేళ్లలో ఆ గడప తొక్కారన్నది వేరే ప్రశ్న.

చివరి అంకం త్వరగా ముగిసింది. ఆరేలియస్ అనే పెట్టుబడి సంస్థ 2023 నవంబరులో ఒప్పందం చేసుకుని, ఏడాది చివర యాజమాన్యం చేపట్టింది. క్రిస్మస్ అమ్మకాలు అనుకున్నంతగా లేవు, చేతిలో ఖర్చులకు డబ్బు లేదు. ఆరు వారాలు గడిచేసరికి, 2024 ఫిబ్రవరి 13న బ్రిటన్ కంపెనీ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. అప్పటికి అక్కడ 198 దుకాణాలున్నాయి. మార్చి 1 నుంచి అమెరికా దుకాణాలన్నీ ఆగిపోయాయి, కెనడాలో 33 మూసివేతకు గురయ్యాయి. సెప్టెంబరులో ఆరియా అనే సంస్థ కొనే సమయానికి బ్రిటన్‌లో మిగిలినవి 113.

భారతదేశంలో దుకాణాలు మాత్రం మూతపడలేదు. 2006లో ఇక్కడికి వచ్చిన బాడీ షాప్‌ను నడుపుతున్నది క్వెస్ట్ రిటైల్ అనే ఫ్రాంచైజీ సంస్థ. హైదరాబాదు మాల్‌లో దుకాణం అద్దె, సిబ్బంది జీతం, సరుకు పెట్టుబడి ఆ సంస్థవే. పేరు, సరుకు మాత్రం కంపెనీవి. అందువల్ల లండన్‌లో కంపెనీ కూలినా ఇక్కడి లెక్కలు వేరుగా నిలిచాయి. ఇక్కడి పోటీ మాత్రం బ్రిటన్ పోటీకి తీసిపోదు. 2012లో ఫల్గుణి నాయర్ ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన నైకా తర్వాత నగరాల్లో దుకాణాలు కూడా తెరిచింది. ఫారెస్ట్ ఎసెన్షియల్స్, కామా ఆయుర్వేద అనే సంస్థలు మూలికల కథను దేశీయంగా, ఇంకా ఖరీదుగా చెబుతున్నాయి. 2016లో వచ్చిన మామాఎర్త్ అదే సహజత్వాన్ని కిరాణా కొట్టు ధరల దరిదాపుల్లోకి దించింది. పసుపు, శనగపిండి, మందారాకు ఇంట్లోనే ఉన్న దేశంలో సహజం అన్న మాట ఏనాడూ పెద్ద కొత్త కాదు. ఇక్కడ బాడీ షాప్‌కు ఇన్నాళ్లూ ఆకర్షణ తెచ్చిపెట్టింది అది విదేశీ సరుకు కావడం, మాల్‌లో దొరకడం. సెఫోరా వచ్చింది, కొరియా క్రీములు వచ్చాయి, విదేశీ సరుకు ఇప్పుడు ఫోనులో అడిగితే గుమ్మంలోకి వస్తోంది.